ఆర్థర్ కాటన్

జనరల్ సర్ ఆర్థర్ థామస్ కాటన్ (1803 మే 15 - 1899 జూలై 24) బ్రిటిషు సైనిక ఇంజనీరు మరియు నీటిపారుదల నిపుణుడు. గోదావరి నదిపై ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మించి, కరువులకూ వరదలకూ గురైన డెల్టా ప్రాంతాన్ని సస్యశ్యామలం చేసిన వ్యక్తిగా ఇతడు ప్రసిద్ధుడు. గోదావరి జిల్లాల ప్రజలు ఇతనిని కాటన్ దొర అని పిలుస్తారు.

తొలి జీవితం

కాటన్ ఇంగ్లాండులో హెన్రీ కాల్వెలీ కాటన్ దంపతులకు పదవ కుమారునిగా జన్మించాడు. అడిస్కోంబులోని ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరాడు. 1821లో భారతదేశానికి వచ్చాడు. మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నాడు. ఆ తరువాత తంజావూరు ప్రాంతంలో పనిచేస్తూ, ప్రాచీన కల్లణై ఆనకట్ట నిర్మాణ పద్ధతిని శ్రద్ధగా పరిశీలించాడు. ఇసుక నేలపై గట్టి కట్టడం నిలపడమెలాగో అక్కడే గ్రహించాడు. 1830వ దశకంలో కొల్లిడం నదిపై ఇతడు కట్టించిన ఆనకట్టలు ఆ అనుభవ ఫలితమే. విశాఖపట్నంలో సముద్రపు కోత నుండి తీరాన్ని కాపాడేందుకు అడ్డుగట్టులు కూడా నిర్మింపజేశాడు.

గోదావరి మండలం నాటి స్థితి

1832-33లో వచ్చిన నందన కరువు తెలుగు జిల్లాలను కుదిపివేసింది. 1839 నవంబరులో వచ్చిన తుఫాను ఉప్పెన కోరంగి రేవును ముంచివేసింది. 1821లో 7,38,308గా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5,61,041కి తగ్గింది. ఏటా కోట్లాది ఘనపుటడుగుల నీరు కళ్ళెదుటే సముద్రంలో కలుస్తున్నా పొలాలు ఎండిపోయేవి. వరద వచ్చిన ఏడు అవే పొలాలు మునిగిపోయేవి. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా దుస్థితిని విచారించి, అనుభవజ్ఞుడైన ఇంజనీరును నియమించాలని సిఫారసు చేశాడు. ఆ పని కాటన్‌కు అప్పగించబడింది.

ధవళేశ్వరం ఆనకట్ట

కాటన్ నదీతీరమంతా తిరిగి పరిశీలించి 1845లో తన ప్రతిపాదనను సమర్పించాడు. 1846లో అనుమతి లభించి, 1847లో పని ప్రారంభమైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, సుమారు 3.6 కిలోమీటర్ల పొడవున ఆనకట్ట నిర్మించబడింది. ధవళేశ్వరం కొండ నుండి రాయిని పట్టాలపై నడిచే బండ్లలో తరలించారు. అడిగినంతమంది ఇంజనీర్లను కంపెనీ ప్రభుత్వం ఇవ్వలేదు. వేలాది మంది స్థానిక కూలీలు, తాపీ పనివారు ఈ భారాన్ని మోశారు. ఇతనికి సహాయకుడైన వీణెం వీరన్న కూలీలను సమీకరించి పని నడిపించాడు. 1848లో అనారోగ్యం వల్ల కాటన్ సెలవుపై వెళ్ళగా, కెప్టెన్ ఆర్ పనులను కొనసాగించాడు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది.

కోనసీమ

గౌతమి, వశిష్ట పాయల మధ్య, మూడవ ప్రక్క సముద్రంతో ఉన్న కోనసీమను మధ్య డెల్టా అంటారు. దీని ప్రధాన కాలువ బొబ్బర్లంక వద్ద మొదలై, లొల్ల లాకుల వద్ద శాఖలుగా విడిపోతుంది. గౌతమి ఒడ్డున కోటిపల్లి రేవుకు ఎదురుగా ఉన్న ముక్తేశ్వరం మొదలుకొని అమలాపురం వరకు గల గ్రామాలు ఈ కాలువల ఆయకట్టులోనివే. వైనతేయ పాయకు ఆవలనున్న నగరం లంకకు నీరందించేందుకు లెఫ్టినెంట్ హేగ్ పర్యవేక్షణలో గన్నవరం వద్ద 49 కమానుల అక్విడెక్టు కట్టబడింది. తరువాతి కాలంలో దాని ప్రక్కనే నిర్మించిన కొత్త అక్విడెక్టుకు, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

ఆనకట్ట ఒక్కటే డెల్టాను కాపాడలేదు. ఆనకట్ట, ప్రధాన కాలువలు, ఏటిగట్లు ప్రభుత్వం నిర్మించినా, పంటబోదెలు తవ్వుకోవడం, ఏటా పూడిక తీసుకోవడం, నీటిని వంతుల ప్రకారం పంచుకోవడం గ్రామస్థుల వంతు. వరద రోజుల్లో గట్టుకు గండి పడకుండా రాత్రింబవళ్ళు కాపలా కాయడంలో అధికారులతోపాటు ఊరివారూ పాల్గొనేవారు.

విమర్శలు

భారతదేశానికి రైళ్ళకంటే జలమార్గాలే మేలని, నదులను కాలువలతో అనుసంధానించాలని కాటన్ వాదించాడు. ఈ వాదనపై 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘం ముందు తీవ్రమైన ప్రశ్నలను ఎదుర్కొన్నాడు. ఆ సంఘం ఇతని వాదనను అంగీకరించలేదు. ఆనకట్ట వల్ల శిస్తు, నీటితీరువాల రూపంలో కంపెనీ ఆదాయం పెరిగిందన్నది కూడా వాస్తవమే. గుడ్లు పెట్టడానికి సముద్రం నుండి ఏరెక్కే పులస చేపకు ఆనకట్ట అడ్డయింది. నీటిని తెచ్చే కాలువలపై చూపిన శ్రద్ధ మురుగునీటిని తీసివేసే కోడులపై చూపలేదన్నది మరో విమర్శ. స్వాతంత్ర్యానంతరం ఈ సమస్యను మిత్రా సంఘం పరిశీలించింది. 1968లో వచ్చిన చట్టం ప్రకారం డెల్టా రైతుల నుండి మురుగునీటి పారుదల పన్ను వసూలు చేశారు.

చివరి రోజులు

కాటన్‌కు 1861లో సర్ బిరుదు లభించింది. పదవీ విరమణ అనంతరం ఇంగ్లాండులోని డోర్కింగులో స్థిరపడి, వ్యవసాయ ప్రయోగాలు చేశాడు. 96వ ఏట అక్కడే మరణించాడు. ఇతని కుమార్తె లేడీ హోప్ ఇతని జీవితచరిత్రను 1900లో ప్రచురించింది.

వారసత్వం

పాత ఆనకట్ట స్థానంలో నిర్మించిన బ్యారేజి 1982లో పూర్తయింది. దానికి కాటన్ పేరు పెట్టారు. ధవళేశ్వరంలో ఇతని పేరిట మ్యూజియం ఉంది. గోదావరి జిల్లాల్లో అనేక గ్రామాల్లో ఇతని విగ్రహాలు కనిపిస్తాయి.

1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహించి, ఏటిగట్ల బలహీనతను బయటపెట్టింది. 1996 నవంబరు తుఫాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చింది. 1997లో వచ్చిన చట్టం ద్వారా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడి, కాలువల నిర్వహణలో రైతులకు అధికారిక స్థానం కలిగింది. అయినప్పటికీ మురుగుకోడులు పూడిపోవడం, గిట్టుబాటు ధర లేకపోవడం వంటి కారణాలతో 2011లో కోనసీమ రైతులు సార్వా సాగు మానివేసి పంట విరామం ప్రకటించారు. 2022 జూలైలో మళ్ళీ 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు లంకగ్రామాలు నీటిలో చిక్కుకున్నాయి. సముద్రమట్టం పెరగడం, ఉప్పునీరు ఎగదన్నడం వంటి కొత్త ముప్పులు ఇప్పుడు వీటికి తోడయ్యాయి. ఈ పరిస్థితులలో కాటన్ నిర్మించిన వ్యవస్థ మన్నిక, ప్రభుత్వ నిధులపై ఎంతగా ఆధారపడి ఉందో, పూడికతీత, గట్ల పరిరక్షణలో పంచాయతీలు, రైతు సంఘాలు కలిసి పనిచేయడంపైనా అంతగానే ఆధారపడి ఉంది.