మైకుకు పనికిరాదన్న గొంతు

నర్సీపట్నంలో చింతపల్లి బస్సెక్కి ఘాట్ రోడ్డు మీదుగా వెళ్తుంటే అల్లూరి తిరిగిన కొండలే ఎదురవుతాయి. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట కూడా ఈ చుట్టుపక్కలే. కృష్ణ నటించిన ‘అల్లూరి సీతారామరాజు’ సినిమా షూటింగు చాలా భాగం జరిగింది చింతపల్లి అడవుల్లోనే. అందులో శ్రీశ్రీకి జాతీయ అవార్డు తెచ్చిపెట్టిన పాట ఒకటుంది. కాలేజీ ఫంక్షన్లలో మీరూ వినే ఉంటారు. వాద్యాల హోరు, కోరస్.. అంత సందడిలోనూ మాట మాటా తేటగా వినిపించే గొంతు ఘంటసాలది. వి.రామకృష్ణ కూడా ఆ పాటలో పాడారు. 1974 మే 1న సినిమా విడుదలయ్యేనాటికి ఘంటసాల లేరు. ఆ ఏడాది ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు.

ఇంత పేరున్న గొంతునే ఒకప్పుడు మైకుకు పనికిరాదని పంపించేశారంటే నమ్ముతారా?

ఉంగరం అమ్మి చదువుకు..

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. చింతపల్లి పోలీస్ స్టేషన్‌ మీద అల్లూరి దాడి చేసిన సంవత్సరమూ అదే. తండ్రి చిన్నప్పుడే పోయారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్నది ఆయన కోరిక. కుర్రాడు చేతి ఉంగరం అమ్మి విజయనగరం చేరాడు. పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి పాఠం చెప్పారు. గురువు కూడా ఉన్నవారు కాదు. దాంతో మధుకరం, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని తినడం. అలా చదివి విజయనగరం సంగీత కళాశాల నుంచి పట్టా అందుకున్నారు. పట్టా చేతికొచ్చినా ఉద్యోగం రాలేదు. కచేరీలు, నాటకాలతో రోజులు గడిపారు. క్విట్ ఇండియా ఉద్యమంలో దూకి జైలుకీ వెళ్లారు.

తర్వాత సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. హెచ్‌ఎంవీ గ్రామఫోన్ కంపెనీలో గొంతు పరీక్షకు నిలబడితే, మైకుకు సరిపోదని తేల్చేశారు.

తప్పు గొంతుదేనా?

అప్పటి రికార్డింగు ఎలా ఉండేదో చూస్తే సంగతి అర్థమవుతుంది. ఇప్పటిలా గొంతును ఒక ట్రాకులో, వీణను ఇంకో ట్రాకులో తీసి తర్వాత కలుపుకునే వీలు లేదు. గాయకుడు, వాద్యబృందం ఒకే గదిలో ఒకేసారి పాడి వాయించాలి. ఎవరు మైకుకు ఎంత దగ్గరన్నదే బ్యాలెన్స్. గొంతు మరీ పెద్దదైతే శబ్దం పగులుతుంది, వెనక్కి జరిపితే మాట మసకబారుతుంది. 78 ఆర్‌పీఎం రికార్డు ఒకవైపు పట్టేది మూడు నిమిషాల చిల్లరే. నాటకం స్టేజీ మీద చివరి వరసకు వినపడాలని నేర్చుకున్న గొంతు ఆ చిన్న యంత్రం ముందు ఇమడటం కష్టమే.

అంటే ఆరోజు పరీక్షలో తేలింది ఘంటసాల ఏం పాడగలరన్నది కాదు, ఆ గదిలో ఆ మైకు ఏం వినగలదన్నది. ఈ తేడా పట్టించుకోకే ఎన్నో మంచి గొంతులు మరుగునపడతాయి. గాయకుడికి పేరొచ్చాకా ఈ బాధ తప్పదు. 1970లో బీటిల్స్ బృందం పాటకు నిర్మాత ఫిల్ స్పెక్టర్, పాడిన పాల్ మెకార్ట్‌నీకి చెప్పకుండానే వయొలిన్లు, కోరస్ దట్టించారు. అవన్నీ లేని రూపం బయటకు రావడానికి 1996 దాకా ఆగాల్సొచ్చింది.

మైకును చదివారు

ఘంటసాల అలిగి ఇంటికెళ్లిపోలేదు. ‘సీతారామ జననం’లో కోరస్‌లో పాడారు. ‘స్వర్గసీమ’లో భానుమతితో కలిసి పాడే అవకాశం వచ్చింది. రేడియోలో పాడారు. స్టూడియోలో ఎక్కడ నిలబడాలి, ఏ అక్షరం దగ్గర ఊపిరి తగ్గించాలి అన్నది పని చేస్తూనే పట్టుకున్నారు. పేకేటి శివరాం చొరవతో గ్రామఫోన్ తలుపులూ తెరుచుకున్నాయి.

అసలు మార్పు పద్యంలో కనిపిస్తుంది. నాటకాల్లో పద్యమంటే పైస్థాయిలో ఎత్తుకుని, రాగం సాగదీసి, వన్స్‌మోర్ కొట్టించుకోవడమే. ఘంటసాల ఆ సాగతీత తగ్గించారు. పక్కన కూర్చుని చెబుతున్నట్టు, మాట విరగకుండా, అర్థం ముందుండేలా పాడారు. మైకు చేతగానితనం అనుకున్నదాన్నే పద్యానికి బలంగా మార్చుకున్నారన్నమాట.

‘మనదేశం’, ‘పాతాళభైరవి’ లాంటి సినిమాలకు సంగీత దర్శకుడయ్యాక నిర్ణయాలు తన చేతికొచ్చాయి. కరుణశ్రీ రాసిన ‘పుష్పవిలాపం’ పద్యాల రికార్డు వినండి. వాద్యాలు గొంతుకు దారిస్తాయి తప్ప అడ్డం రావు. చివరి రోజుల్లో పాడిన భగవద్గీతా అంతే. శ్లోకం, ఆ వెంటనే తెలుగు తాత్పర్యం. ఆయన పోయాక దాన్ని విడుదల చేసింది ఒకప్పుడు వద్దన్న హెచ్‌ఎంవీయే.

మీ సంగతేంటి?

ఇప్పుడు తొలి రౌండు ఇంటర్వ్యూలు చాలావరకు ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో అవుతున్నాయి. అంటే మీరూ మైకు పరీక్షకే నిలబడుతున్నారు. మొదటిసారి కుదరకపోతే మీలో సరుకు లేదని అనుకోకండి. అలాగని నెపమంతా నెట్‌వర్కు మీదా వేయకండి. ఈ సాయంత్రం మీ పరిచయాన్ని రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చేసి ఇయర్‌ఫోన్స్‌లో వినండి. ఎక్కడ గొంతు పెరిగింది, ఎక్కడ మాట మింగేశారు, ఫ్యాను చప్పుడు ఎంతుంది అన్నవి రాసుకోండి. సరిచేసుకుని మళ్లీ రికార్డు చేయండి.

వీడియో రెజ్యూమె చేస్తుంటే ఇంకో మాట. వెనక బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్, మెరిసే ఎఫెక్టులు పెట్టాలన్న సరదా ఉంటుంది. అవి ఒకసారి ఆపేసి చూడండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు వినాలనుకునేది మీ గొంతునే.