నాట్ కింగ్ కోల్‌కు స్పాన్సర్ దొరకలేదు

నల్లజాతి గాయకుడు నాట్ కింగ్ కోల్ (1919-1965) పుట్టింది అలబామాలోనే. 1956 ఏప్రిల్‌లో అదే రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో పాడుతుంటే తెల్లవాళ్లు వేదికెక్కి ఆయనను కిందపడేశారు. అది తెల్లవాళ్లకు మాత్రమే పెట్టిన సభ. అలాంటిచోట ఎందుకు పాడావని నల్లజాతి పత్రికలు ఏకిపారేశాయి. ఆ కోపం న్యాయమైనదేనంటాం మేము. ఆ తర్వాత ఆయన ఎన్‌ఏఏసీపీలో జీవితకాల సభ్యుడయ్యాడు.

ఆ నవంబరులోనే ఎన్‌బీసీ నెట్‌వర్క్‌లో ఆయన షో మొదలైంది. పేరున్న గాయకులు నామమాత్రపు డబ్బుకే వచ్చి పాడారు. కానీ దేశమంతటా ప్రకటనలిచ్చే కంపెనీ ఒక్కటీ ముందుకు రాలేదు. దక్షిణాది తెల్లవాళ్లు తమ సరుకు కొనరేమోనని వాటి భయం. ఆయన రికార్డులు మాత్రం తెల్లవాళ్ల ఇళ్లలో మోగుతూనే ఉన్నాయి. పాట కావాలి, పాడే మనిషి ఇంట్లోకి రాకూడదు. ఇది మనకు కొత్తేం కాదు.

ఎన్‌బీసీ వేరే సమయం ఇస్తానంది. ఆయన ఒప్పుకోలేదు. 1957 డిసెంబరులో షో ఆపేశాడు.