పత్తి వడికే పిల్లలకు బడి పెట్టిన మాస్టారు



ఎల్‌కేజీ, యూకేజీ అని మనం రోజూ అంటుంటాం. అందులోని కేజీ అంటే కిండర్‌గార్టెన్. జర్మన్ భాషలో పిల్లల తోట అని అర్థం. 1840లో ఆ పేరు పెట్టింది ఫ్రోబెల్ అనే జర్మన్ టీచర్. పిల్లలకు చదువు చెప్పడం ఎలాగో తెలుసుకోవడానికి ఆయన 1808 నుంచి 1810 దాకా స్విట్జర్లాండ్‌లో ఒక పెద్దాయన బడిలో ఉన్నాడు. ఆ పెద్దాయన పేరు జోహాన్ హెన్రిచ్ పెస్టాలజీ.

బీఈడీ చేసిన మాలాంటి వాళ్లకు పెస్టాలజీ అంటే పరీక్షలో రాసే ఒక షార్ట్ నోట్. ఆయన జీవితం మాత్రం ఒక పేజీలో సరిపెట్టుకునేది కాదు. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, హొళగుంద వైపు ఉన్న మనం ఆయన గురించి తెలుసుకోవడానికి ప్రత్యేకంగా ఒక కారణం కూడా ఉంది. ఆయన మొదటి బడి పత్తి చుట్టూ తిరిగింది.

అయిదేళ్లకే తండ్రి పోయాడు

పెస్టాలజీ 1746 జనవరి 12న జ్యూరిక్ నగరంలో పుట్టాడు. తండ్రి వైద్యుడు. పిల్లవాడికి అయిదేళ్లప్పుడు ఆయన చనిపోయాడు. చేతిలో పెద్దగా డబ్బు లేదు. బాబెలి అనే పనిమనిషి ఈ కుటుంబాన్ని విడిచి వెళ్లనని చనిపోతున్న యజమానికి మాట ఇచ్చింది, జీవితాంతం ఆ మాట మీద నిలబడింది. తల్లి, బాబెలి కలిసి పైసా పైసా లెక్కపెట్టి ఇల్లు నడిపారు. బట్టలు, చెప్పులు అరిగిపోతాయని పిల్లల్ని వీధిలో ఆడుకోవడానికి కూడా పంపేవారు కాదు.

అందుకేనేమో ఆ పిల్లవాడికి ఆటలు రాలేదు. తోటి పిల్లలు వెక్కిరించేవారు. చేతిరాత బాగుండేది కాదు, పెద్దయ్యాక కూడా స్పెల్లింగ్ తప్పులు పోలేదు. మన పేరెంట్స్ మీటింగ్‌లో అయితే ఆ నోటుబుక్ చూసి అందరం తల పట్టుకునేవాళ్లం.

సెలవుల్లో తాతగారి ఊరు వెళ్లేవాడు. తాత చర్చిలో పాస్టర్. ఆయన వెంట పేదల ఇళ్లకు వెళ్లి, చదువు లేకుండా పనిలో పడిన పిల్లల్ని కళ్లారా చూశాడు. స్విట్జర్లాండ్ అనగానే ఇప్పుడు మనకు బ్యాంకులు, గడియారాలు, చాక్లెట్లు గుర్తొస్తాయి. ఆ రోజుల్లో జ్యూరిక్ చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం పేద ఇళ్లలో నూలు వడికేవారు. పెద్దలతో పాటు పిల్లలు కూడా రాట్నం ముందు కూర్చునేవారు.

నోయిహోఫ్: పొలం పోయింది, బడి వచ్చింది

పెస్టాలజీ మొదట పాస్టర్ కావాలనుకున్నాడు, తర్వాత లా చదవాలనుకున్నాడు. రెండూ వదిలేసి వ్యవసాయంలోకి దిగాడు. 1769లో అన్నా షుల్టెస్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఆయనకంటే దాదాపు ఎనిమిదేళ్లు పెద్దది, బాగా ఉన్నవాళ్ల అమ్మాయి. ఆమె ఇంట్లో ఈ పెళ్లి ఇష్టం లేదు. బిర్ అనే ఊరి దగ్గర భూమి కొని, ఎర్ర రంగు తీసే మంజిష్ఠ జాతి మొక్క వేద్దామనుకున్నాడు. ఆ పొలానికి నోయిహోఫ్, అంటే కొత్త పొలం, అని పేరు. సేద్యం నిలబడలేదు, అప్పులు మిగిలాయి.

సేద్యం దెబ్బతిన్న మనిషి ఇంకెవరైనా అయితే పట్నానికి వెళ్లిపోయేవారు. ఈయన 1774లో అదే ఇంట్లోకి పేద పిల్లల్ని తెచ్చుకున్నాడు. ముప్పై నలభై మంది దాకా చేరారు. వాళ్లు పత్తి వడకాలి, నేత నేయాలి, పొలం పని చేయాలి. ఆ పనితో పాటే చదవడం, లెక్కలు నేర్చుకోవాలి. వాళ్లు చేసిన సరుకు అమ్మితే బడి ఖర్చు దానంతట అదే వెళ్లిపోతుందని ఆయన ఆశ.

లెక్క కుదరలేదు. చిన్న చేతులు తీసిన నూలుకు మంచి ధర రాదు. దానికి తోడు మరో కష్టం వచ్చింది. పిల్లలకు కొత్త బట్టలు కుట్టించి, కడుపునిండా పెట్టి, కాస్త పని నేర్పేసరికి వాళ్ల పెద్దవాళ్లు వచ్చి తీసుకెళ్లిపోయేవారు. పని వచ్చిన పిల్లవాడు అంటే ఇంటికి సంపాదన కదా. 1780లో బడి మూతపడింది. అన్నా పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆస్తిలో చాలా భాగం కూడా పోయింది.

ఆ తల్లిదండ్రుల మీద కోపం తెచ్చుకునే ముందు మన చుట్టూ ఒకసారి చూడండి. దసరా దాటగానే మన పడమటి పల్లెల నుంచి ఎన్ని కుటుంబాలు సుగ్గికి బయలుదేరతాయో మీకు తెలుసు. గుంటూరు వైపు, తెలంగాణ వైపు పత్తి తీయడానికి, మిరప కోయడానికి ఇంటికి తాళం వేసి వెళ్తారు. వెంట పిల్లలు కూడా వెళ్తారు. ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టినా, బడిలో పేరు ఒక చోట, పిల్లవాడు ఒక చోట అయ్యే సందర్భాలు మనం చూస్తూనే ఉన్నాం. నోయిహోఫ్ కథ మనకు దూరపు కథ కాదు.

ఒక తల్లి గురించి నవల

తర్వాత పద్దెనిమిదేళ్లు పెస్టాలజీకి బడి లేదు. ఆ కాలంలో ఆయన రాశాడు. 1781లో వచ్చిన ఆయన నవల పేరు లియెన్‌హార్ట్, గెర్‌ట్రూడ్. తాగుడికి అలవాటుపడ్డ తాపీ మేస్త్రి లియెన్‌హార్ట్, అతని భార్య గెర్‌ట్రూడ్. ఆమె పెద్దగా చదువుకున్నది కాదు. ఇంటి పని చేసుకుంటూ, నూలు వడుకుతూ, అదే పనిలో పిల్లలకు లెక్క, మాట, మర్యాద నేర్పుతుంది. ఆ ఇంటిని చూసి ఊరు మెల్లగా మారుతుంది. పుస్తకం యూరప్ అంతటా పేరు తెచ్చుకుంది. 1792లో ఫ్రాన్స్ ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది.

నవలా రచయితగా మిగిలిపోయి ఉంటే సుఖంగా బతికేవాడేమో. ఆయన మనసంతా బడి మీదే ఉంది.

స్టాన్స్ అనాథలు

1798 సెప్టెంబరులో ఫ్రెంచి సైన్యం స్టాన్స్ ప్రాంతం మీద పడింది. వందలాది మంది చనిపోయారు, ఇళ్లు కాలిపోయాయి. అనాథలైన పిల్లల కోసం అక్కడి మఠంలో ఒక ఆశ్రమం తెరిచి పెస్టాలజీకి అప్పగించారు. 1799 జనవరిలో పిల్లలు వచ్చారు. అప్పటికి ఆయన వయసు 53. దాదాపు 80 మంది పిల్లలు. గజ్జి, పేలు, ఆకలి, భయం. సాయానికి ఉన్నది ఒక్క పనిమనిషి.

పుస్తకాలు లేవు, ఇతర టీచర్లు లేరు. పగలంతా వాళ్లతోనే, రాత్రి పడుకునేది వాళ్ల మధ్యే. తెలిసిన పిల్లవాడు తెలియని పిల్లవాడికి నేర్పేవాడు. ముందు ఆకలి తీరాలి, తర్వాత ఈ పెద్దాయన మనవాడే అన్న నమ్మకం కలగాలి, ఆ తర్వాతే పాఠం. కొన్నిసార్లు చెయ్యి చేసుకున్నానని కూడా ఆయనే దాచకుండా రాసుకున్నాడు. జూన్‌లో సైన్యానికి ఆసుపత్రి కావాల్సి వచ్చి ఆ ఇల్లు ఖాళీ చేయించారు. ఆరు నెలలు కూడా నిండలేదు. ఆయన ఒంట్లో శక్తి కూడా అయిపోయింది.

కొన్ని వారాలకే బుర్గ్‌డార్ఫ్ అనే ఊళ్లో మళ్లీ టీచరుగా చేరాడు. అక్కడి తల్లిదండ్రులకు నచ్చలేదు. చేతిలో పుస్తకం లేదు, పిల్లలు పలకల మీద ఏవేవో గీతలు గీస్తున్నారు, ఇదేం చదువు అని వాళ్ల బాధ. ఆయన్ను ఇంకా చిన్నపిల్లల తరగతికి మార్చారు. 1800లో ఆ ఊరి విద్యా కమిటీ వచ్చి పిల్లల్ని పరీక్షించింది. చిన్న వయసులోనే అంత చక్కగా చదవడం, రాయడం, లెక్క చేయడం చూసి మెచ్చుకుంటూ నివేదిక ఇచ్చింది.

ఆయన చేసిందల్లా క్రమం మార్చడం. ముందు వస్తువు, తర్వాత మాట, ఆ తర్వాత అక్షరం. ముందు ఇల్లు, తర్వాత ఊరు, ఆ తర్వాత ప్రపంచం. ఆరు అనే అంకె రాసే ముందు ఆరు గింజలు చేతిలో ఉండాలి. తల, మనసు, చెయ్యి మూడూ కలిసి పెరగాలి.

మట్టితో మ్యాప్

1805 నుంచి 1825 దాకా ఇవెర్డన్ కోటలో ఆయన బడి నడిచింది. నూట యాభైకి పైగా పిల్లలు, ఎన్నో దేశాల వాళ్లు. ప్రష్యా ప్రభుత్వం తన యువ టీచర్లను పంపి అక్కడ నేర్పించింది. అక్కడి భూగోళం పాఠం ఎలా జరిగేదో ఒక పాత విద్యార్థి రాసిపెట్టాడు. పిల్లల్ని దగ్గరలోని లోయకు నడిపించి తీసుకెళ్లేవారు. చుట్టూ చూసి, అక్కడి బంకమట్టి మూట కట్టుకుని వచ్చి, బల్ల మీద ఆ లోయను మట్టితో కట్టేవారు. రోజురోజుకీ ఇంకాస్త చూసొచ్చి ఇంకాస్త చేర్చేవారు. అంతా పూర్తయ్యాకే మ్యాప్ చూపించేవారు. అప్పుడు ఆ గీతలు పిల్లలకు అర్థమయ్యేవి.

ఇంత పేరొచ్చిన బడిలో ఆయనకు ఒక బాధ ఉండేది. రాట్నం ముందు కూర్చున్న పేద పిల్లల కోసం కనిపెట్టిన పద్ధతి, ఇప్పుడు ఎక్కువగా ఫీజు కట్టగలిగిన వాళ్ల పిల్లలకు అందుతోంది. పేద పిల్లలు కొందరిని ఉచితంగా చేర్చుకున్నా ఆయనకు తృప్తి లేదు. తన పుస్తకాల సంపుటాలకు వచ్చిన చందాలతో 1818లో క్లిండీ అనే చోట పేదల బడి తెరిచాడు. ఏడాది తిరిగేసరికి అదీ పెద్ద బడిలో కలిసిపోయింది. భార్య అన్నా 1815లోనే పోయింది. ఉన్న ఒక్క కొడుకూ అంతకుముందు 1801లోనే పోయాడు. టీచర్ల మధ్య గొడవలతో 1825లో ఇవెర్డన్ బడి కూడా మూతపడింది. ఆయన నోయిహోఫ్‌కే తిరిగి వెళ్లి, 1827 ఫిబ్రవరి 17న కన్నుమూశాడు. బిర్ ఊరి బడి పక్కనే పాతిపెట్టారు. నూరేళ్ల జయంతికి, 1846లో, ఆ బడి గోడకే ఆయన స్మారకం కట్టారు.

ఆయన తర్వాత

పెట్టిన బడులన్నీ మూతపడిన ఈ మనిషి దేశం ఆయన మాట వినడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 1874 రాజ్యాంగంతో స్విట్జర్లాండ్‌లో ప్రాథమిక విద్య ఉచితం, తప్పనిసరి అయింది. 1877 చట్టంతో 14 ఏళ్లలోపు పిల్లలు ఫ్యాక్టరీల్లో పనిచేయడం ఆగింది. 1895లో జ్యూరిక్ పాలిటెక్నిక్ ఎంట్రన్స్ తప్పిన ఐన్‌స్టీన్ ఒక ఏడాది చదువుకున్నది ఆరౌ ఊరి బడిలో, పెస్టాలజీ ప్రభావం ఉన్న బడిలో. అక్కడ కోలుకుని పాలిటెక్నిక్‌లో చేరాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1946లో అనాథ పిల్లల కోసం ట్రోగెన్‌లో కట్టిన పిల్లల ఊరికి ఆయన పేరే పెట్టారు.

మన దేశంలో విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది. ప్రైవేటు బడుల ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలని అందులో ఉంది. అలా వచ్చిన పాప మీ పాప పక్కన కూర్చుంటే, ఆ స్నేహం గురించి ఇంట్లో మీరు మాట్లాడే మాట చాలా ముఖ్యం. ఆ పాప అమ్మానాన్న తీసిన పత్తి మన ఆదోని యార్డుకే వచ్చి ఉండొచ్చు. మీ పాప వేసుకున్న యూనిఫాంలో కూడా ఉండొచ్చు. అలాంటి పిల్లల కోసం పుట్టిన చదువునే మనం ఇవాళ ఫీజు కట్టి కొనుక్కుంటున్నాం.

ఈ నెల రెండు పనులు చేయండి. మొదటిది, స్లిప్ టెస్ట్ మార్కులు అడిగే ముందు, ఇవాళ నువ్వు కొత్తగా ఏం చూశావు అని పిల్లల్ని అడగండి. తెలుగులో చెప్పినా, ఇంగ్లిష్‌లో చెప్పినా, కన్నడం కలిపి చెప్పినా వినండి.

రెండోది, ఒక ఆదివారం దేవరగట్టుకు వెళ్లిరండి. బన్ని ఉత్సవం అయిపోయింది, జనం సద్దుమణిగింది. కర్రల సమరం, దెబ్బల లెక్క టీవీలో చూసిన పిల్లలు పగటి వెలుగులో ఆ కొండను సరిగ్గా చూసి ఉండరు. మాళ మల్లేశ్వర స్వామి గుడి ఎక్కడుంది, రాయి ఏ రంగులో ఉంది, వాన పడితే నీళ్లు ఏ పక్కకు పారతాయి, నెరణికి ఊరు ఏ దిక్కున కనిపిస్తుంది, ఇవన్నీ వాళ్లనే చూసి చెప్పమనండి. వచ్చేటప్పుడు ఒక కవరులో కాస్త మట్టి తెచ్చుకుని, ఇంట్లో పాత ప్లేటు మీద ఆ కొండను కట్టమనండి. చేతులు, బట్టలు మురికవుతాయి, ఆ ఒక్కరోజుకు ఓర్చుకోండి.

దీపావళి సెలవు తర్వాత ఆ కొండలన్నీ బడికి తెప్పించండి. తరగతి గదిలో ఒక పెద్ద బల్ల ఖాళీ చేసి ఉంచుతాం. వాటి పక్కన కర్నూలు జిల్లా మ్యాప్ పెట్టి, ఆ రోజు సోషల్ పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాం.