కాగితంలోంచి లేచిన బల్లి

బల్లిని చూస్తే మనవాళ్లకు శకునం గుర్తుకొస్తుంది. నెదర్లాండ్స్ దేశపు చిత్రకారుడు ఒకరికి మాత్రం అది ఖాళీ లేకుండా కాగితాన్ని నింపే ఆకారంగా కనిపించింది. ఆయనే మారిట్స్ కార్నెలిస్ ఎషర్.

ఎషర్ 1898 జూన్ 17న లేవార్డెన్ పట్టణంలో జన్మించారు. తండ్రి ఇంజనీరు. ఇంట్లో తిండికి, ఫీజుకు లోటు లేదు. లోటల్లా మార్కుల్లోనే. లెక్కల్లో బాగా వెనుకబడ్డారు. రెండు తరగతులు మళ్లీ చదివారు. 1918లో స్కూలు ఆఖరి పరీక్ష కూడా తప్పారు.

1919లో ఆర్కిటెక్చర్ చదవడానికి హార్లెమ్ వెళ్లారు. అక్కడ మెస్కిటా అనే గురువు ఆయన బొమ్మలు చూసి, అచ్చుబొమ్మల కళకు మారమని సలహా ఇచ్చారు. చెక్క మీద తొలిచిన చోటు తెల్లగా, మిగిలిన చోటు నల్లగా అచ్చవుతుంది. ఆ నలుపు తెలుపులే ఎషర్ బతుకుదారి అయ్యాయి.

1922లోను, 1936లోను స్పెయిన్‌లోని అల్హంబ్రా కోటలో ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే పలకల అల్లికలు చూశారు. అలాగే బల్లులు, పక్షులు, చేపలను ఇమిడ్చి గీశారు. 1943లో వేసిన 'సరీసృపాలు' చిత్రంలో ఒక బల్లి నోటుపుస్తకంలోని బొమ్మలోంచి లేచి, పుస్తకం ఎక్కి, పన్నెండు ముఖాల ఘనం మీద నిలబడి ముక్కులోంచి పొగ వదిలి, మళ్లీ కాగితంలోకి దిగి బొమ్మైపోతుంది.

మెస్కిటా యూదుడు. 1944లో నాజీలు ఆయనను ఆష్విట్జ్‌కు తరలించి చంపారు. ఖాళీ ఇంట్లో చెల్లాచెదురైన గురువు చిత్రాలను ఎషర్ ఏరి భద్రపరిచారు. బూటు ముద్ర పడిన ఒక చిత్రాన్ని తన దగ్గరే ఉంచుకున్నారు.

1954లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రపంచ గణిత మహాసభ జరిగినప్పుడు ఎషర్ చిత్రాల ప్రదర్శన పెట్టారు. లెక్కల్లో వెనుకబడిన ఆయన బొమ్మల ముందు లెక్కల పండితులు నిలబడ్డారు. ఆయన చివరి చిత్రం 1969లో వేసిన 'పాములు'. 1972 మార్చి 27న కన్నుమూశారు.

మిత్రులారా! పరీక్ష తప్పి, పెట్టె సర్దుకుని ఊరికి పోదామనుకునే తమ్ముడు ఏటా మన హాస్టల్లో ఒకడైనా ఉంటాడు. ఎషర్‌కు తండ్రి సంపాదన ఆసరా. మనకది లేదు. అందుకే మార్కులు అక్కర్లేదని నేను అనను. వాడి చేత సప్లిమెంటరీ ఫీజు కట్టించండి. దాంతోపాటు వాడి నోటుపుస్తకం చివరి పేజీలో ఏముందో కూడా ఒకసారి చూడండి. మెస్కిటా చేసింది అదే.