శ్రీ ప్రశాంతచంద్ర మహలనోబిస్

కుండలోని అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఇల్లాలు ఒక్క మెతుకు పట్టి చూచును. కుండ అంతటను వేడి సమముగా నుండును గనుక ఆ మెతుకు సాక్ష్యము చాలును. కాని పొలములు మెతుకులవంటివి కావు. చెరువు క్రింది మడి ఒక తీరు, మెరక చేను వేరొక తీరు. అట్టిచోట కొలదిపాటి మచ్చును చూచి మొత్తమును నిశ్చయించుట ఎట్లు? ఈ ప్రశ్నకు శాస్త్రము చూపిన మార్గమును మన దేశపు పొలములలో నడిపించి, పెంపొందించిన మహనీయుడు మహలనోబిస్.

వీరు 1893 జూన్ 29వ తేదీన కలకత్తాలో జన్మించిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము చదివి, కేంబ్రిడ్జిలో పట్టము పొందిరి. 1915లో స్వదేశమునకు మరలుచుండగా బయోమెట్రికా అను గణాంకశాస్త్ర పత్రిక సంపుటములు వీరి చేతికి వచ్చినవి. ఓడలోనే వానిని చదువ నారంభించిరి. భౌతికశాస్త్ర ఆచార్యులుగా పనిచేయుచునే ఈ క్రొత్త శాస్త్రమును సాధన చేసి, 1931 డిసెంబరులో భారత గణాంకశాస్త్ర సంస్థను స్థాపించిరి.

వంగదేశపు రైతునకు ముఖ్యమైన రొక్కపు పంట జనపనార. జమీందారీ బందోబస్తు గల ఆ సీమలో, వెనుకటి మన కరణములవలె ఏటేట పైరుల లెక్క వ్రాయువారు లేరు. చౌకీదారులు ఉజ్జాయింపుగా చెప్పినదే లెక్క. మహలనోబిస్ గారు 1937లో చిన్న సర్వేలతో మొదలిడి, ఏటేట అనుభవము గడించి, 1941 నాటికి ఆ పనిని రాష్ట్రమంతటికిని విస్తరించిరి.

ఏ పొలమును చూడవలెనో నిర్ణయించు అధికారము కొలుచువానికి లేదు. ఉన్నచో అతడు బాట ప్రక్క పొలమునే చూచి, బురదలోని పొలమును విడుచును. కనుక చీట్లు తీసినట్లు, యాదృచ్ఛిక సంఖ్యలనుబట్టి పటముపై తావులు గుర్తించిరి. ఇట్లు తీసిన మచ్చులో పొరపాటు ఎంతలోపున ఉండునో లెక్కకట్టుటకును వీలగును. అంతతో తృప్తిపడక, ఒకే ప్రాంతము నుండి రెండు మచ్చులు తీయించి, వేర్వేరు జట్టులచే కొలిపించిరి. రెండు లెక్కలు పొసగినచో నమ్మకము కుదురును. పొసగనిచో తప్పు ఎచ్చటనో వెదకవలెను.

ప్రభుత్వము వేలకొలది మనుష్యులను నియమించి ప్రతి మడిని లెక్కింపజేసినది. అంతమంది పనిని తనిఖీ చేయుట దుర్లభము. మచ్చు సర్వేకు అందులో పదవవంతు మాత్రమే వ్యయమయ్యెను. అయినను వ్యాపారపు లెక్కలతో సరిపోల్చగా మచ్చు లెక్కయే సత్యమునకు దగ్గరగా నుండెను.

సరియైన లెక్క లేకున్న కలుగు అనర్థము 1943 నాటి వంగ క్షామమున వెల్లడియైనది. ఎంత ధాన్యమున్నదో నికరముగా తెలియని ఆ కాలమున లక్షలాది జనులు మరణించిరి. పిమ్మట మహలనోబిస్ గారి సంస్థ మచ్చు గ్రామములు తిరిగి, ఎవరు భూములు అమ్ముకొనిరో, ఎవరు జీవనోపాధి కోల్పోయిరో విచారించినది. 1950లో వీరి పూనికతో జాతీయ నమూనా సర్వే ప్రారంభమయ్యెను. రెండవ పంచవర్ష ప్రణాళిక రూపకల్పనలోను వీరు ప్రముఖ పాత్ర వహించిరి.

ఆ సంస్థతో మన తెలుగువారికిని సంబంధము గలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన సి. ఆర్. రావు గారు 1941లో అచ్చట శిక్షణకు చేరి, నాలుగు దశాబ్దములు పనిచేసి, జగద్విఖ్యాతులైరి.

మహలనోబిస్ గారు 1972 జూన్ 28వ తేదీన, డెబ్బది తొమ్మిదవ జన్మదినమునకు ముందునాడు, పరమపదించిరి. 2007 నుండి వారి జన్మదినము గణాంక దినముగా జరుపబడుచున్నది. సర్వే ఉద్యోగి మన వాకిట నిలిచి ఇంటి ఖర్చు అడిగినప్పుడు, ఆ ఒక్క ఇల్లు చూడని ఎన్నో ఇండ్ల పక్షమున సాక్ష్యమిచ్చుచున్నదని ఎరుగవలెను. అచ్చట చెప్పిన ఒక అబద్ధము ఆ ఇండ్లన్నిటి లెక్కను చెరచును.