దేవుని అతిథి: హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా

మధ్యయుగపు ఢిల్లీ అనగానే మనకు సుల్తానులు, కోటలు స్ఫురిస్తాయి. కాని ఆ నగర హృదయాన్ని ఎరుగగోరితే మనం గియాస్‌పూర్‌లోని ఒక వంటశాలను దర్శించాలి.

హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా 1238 ప్రాంతంలో బదాయూన్‌లో జన్మించారు. పసితనంలోనే తండ్రి గతించగా, తల్లి బీబీ జులేఖా పేదరికంలో పెంచింది. ఇంట గింజ లేనినాడు, నేడు మనం దేవుని అతిథులమని ఆమె బిడ్డకు చెప్పేదట. ఆ మాటయే ఆయన జీవితానికి దారిచూపింది.

ఇరవై ఏండ్ల ప్రాయంలో అజోధన్ చేరి బాబా ఫరీద్‌కు శిష్యులయ్యారు. అనంతరం గియాస్‌పూర్‌లో ఖాన్‌ఖాహ్ నెలకొల్పారు. అడగకుండా వచ్చిన కానుకలతోనే అచటి లంగరు సాగేది. ప్రతి శుక్రవారం నమాజుకు ముందు కొట్టులోనిదంతా పంచివేసేవారు.

ఆ దస్తర్‌ఖాన్ వద్ద పండితుడు, సిపాయి, వర్తకుడు, నిరుపేద ఒకే పంక్తిలో కూర్చునేవారు. అపరిచితులుగా వచ్చినవారు ఆత్మీయులై లేచేవారు. కవి అమీర్ ఖుస్రో ఆ సన్నిధిలోని వాడే. ఆతిథేయి మాత్రం తరచు ఉపవాసి. మసీదు మూలల్లో, అంగళ్ళ ముంగిళ్ళలో పస్తులతో పడుకున్నవారు తలపుకు రాగా సహరీవేళ ఆయనకు ముద్ద మింగుడుపడేది కాదని చరిత్రకారులు వ్రాశారు.

1325లో కన్నుమూసేముందు కూడా నిల్వధాన్యమంతా పంచిపెట్టించారు. శిష్యుడు బుర్హానుద్దీన్ గరీబ్ ద్వారా ఆ సంప్రదాయం దౌలతాబాదుకు, మన దక్కనుకు చేరింది.

ఆకలిగొన్నవానికి అన్నం పెట్టేవారు అనేకులు. అతనిని అతిథిగా చూచేవారు అరుదు. ప్రక్కన కూర్చున్నవాని పేరైనా అడగక భోజనం ముగించే మనకు ఈ జీవితం ఒక పాఠం.