వెలుగునీడలలో దేహాన్ని చదివిన దామెర్ల రామారావు

రాజమహేంద్రవరం: ఆంధ్రదేశంలో ఆధునిక చిత్రకళకు ఆద్యులలో ఒకరిగా పేరొందిన దామెర్ల రామారావు నిండా ఇరవై ఎనిమిదేళ్లయినా జీవించలేదు. 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించిన ఆయన 1925 ఫిబ్రవరి 6న మశూచికి బలయ్యారు. ఆయన చిత్రాల గురించి జిల్లావాసులు ఎంతోకొంత విన్నవారే. అయితే మనిషి రూపాన్ని గీయడం ఆయన ఎక్కడ, ఏ పద్ధతిలో అభ్యసించారో, ఆ విద్యను గోదావరి ఒడ్డుకు తెచ్చి ఏమి చేయదలచారో తెలిసినవారు తక్కువ.

రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దృష్టిలో పడటం రామారావు జీవితంలో తొలి మలుపు. కూల్డ్రే ఆంగ్ల సాహిత్యం బోధించే అధ్యాపకుడే కాక స్వయంగా నీటిరంగులతో చిత్రాలు వేసేవాడు. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు కూడా ఆయన శిష్యకోటిలోని వారే. చిత్రకళను జీవనోపాధిగా ఎంచుకోవడం మధ్యతరగతి కుటుంబాలకు మింగుడుపడని ఆ రోజులలో ఈ ఆంగ్లేయుడు చొరవ తీసుకుని 1916లో రామారావును బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించాడు. అక్కడి ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ ఆ యువకుని చిత్రాలను పరిశీలించి నేరుగా మూడవ సంవత్సరంలో చేర్చుకున్నాడు.

బొంబాయి విద్య ఎటువంటిదో కొంత వివరించవలసి ఉంది. విద్యార్థి మొదట ప్లాస్టర్ విగ్రహాలను ముందుంచుకుని నెలల తరబడి గీయాలి. తెల్లని విగ్రహంపై ఒక పక్క నుంచి వెలుగు పడినప్పుడు ఎక్కడ పూర్తి కాంతి ఉందో, ఎక్కడ నీడ మొదలవుతోందో, ఆ నీడలోనే కింది బల్ల నుంచి తిరిగి వచ్చే సన్నని వెలుగు ఎక్కడ కనిపిస్తోందో కన్ను గుర్తుపట్టాలి. ఆ తరువాతనే బతికి ఉన్న మనిషి. 1919లో, గ్లాడ్‌స్టన్ సాలమన్ హయాంలో, ఆ పాఠశాలలో సజీవ మోడల్‌ను చూసి గీసే లైఫ్ క్లాస్ ప్రారంభమైంది. నగ్న దేహాన్ని ఎదురుగా నిలిపి గీయడం అప్పటి సమాజానికి మింగరాని విషయమే. రామారావు విద్యార్థి దశ ముగుస్తున్న కాలం అది. 1920లో ఆయన ప్రథమ శ్రేణిలో ప్రథముడిగా ఉత్తీర్ణులయ్యారు.

మనిషిని గీయమంటే మనలో చాలామంది ముందు చుట్టూ ఒక గీత గీసి, ఆపైన లోపల రంగు నింపుతాము. పల్లె బడులలో ఇప్పటికీ పిల్లలకు అలవాటయ్యేది ఇదే. ఛాయలతో నేర్చుకునే విద్యార్థి దారి వేరు. అతడు కళ్లు సగం మూసి చూస్తాడు. ముక్కు, చెవి, వేళ్లు వంటి వివరాలు మాయమై వెలుగు, నీడ అనే రెండు పెద్ద ముద్దలు మాత్రం మిగులుతాయి. ఆ రెండూ సరిగా కుదిరితే భుజం గుండ్రదనం తనంతట తానే కాగితం మీద లేస్తుంది. రంగు దగ్గరకు వస్తే మరొక చిక్కు ఉంది. చామనచాయ ఒంటిపై పడిన ఎండ పసుపు వైపు మొగ్గుతుంది, నీడ నీలం వైపో ఊదా వైపో జారుతుంది. నీడ అంటే నలుపు కలపడమే అనుకున్నవాడి చేతిలో దేహం మట్టిబొమ్మ అవుతుంది. నీటిరంగులలో తెలుపు పూయడం కన్నా కాగితాన్నే తెల్లగా విడిచిపెట్టడం మేలు కనుక మొదట లేత పూత, అది ఆరాక మరొక పూత. తప్పు పడితే దిద్దుకునే అవకాశం దాదాపు లేదు.

ఆ కాలంలో ఈ చదువుపై పెద్ద వివాదమే నడిచింది. మోడల్‌ను చూసి గీయడం పాశ్చాత్య అనుకరణ అని, భారతీయ కళకు భావమే ప్రధానమని కలకత్తా వారి వాదన. మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ బోధించినది కూడా ఆ బెంగాలీ సంప్రదాయమే. రామారావు ఏ ఒక్క పక్షానికీ పూర్తిగా ఒదగలేదు. ఆయన చిత్రాలలో రేఖ సన్నగా, లయబద్ధంగా సాగుతుంది, కానీ ఆ రేఖ లోపల ఎముకలూ కండరాలూ ఉన్న మనిషి నిలబడి ఉంటాడు. ‘పుష్పాలంకరణ’లోని స్త్రీల మెడ వంపులు, చేతుల కదలికలు చూస్తే ఈ మాట అర్థమవుతుంది. ఆయన ‘ఋష్యశృంగ బంధనం’ చిత్రానికి 1922లో ఆ కలకత్తాలోనే వైస్రాయ్ బహుమతి లభించడం గమనార్హం. ‘సిద్ధార్థ రాగోదయం’ కూడా పేరుపొందినదే. 1924లో లండన్‌లోని వెంబ్లీ ప్రదర్శనకు ఆయన చిత్రాలు వెళ్లాయి.

ఇంతటి పేరు వచ్చినవాడు బొంబాయిలోనే స్థిరపడి ఉంటే ఆర్థికంగా బాగుండేదేమో. ఆయన మాత్రం రాజమండ్రికి తిరిగివచ్చి చిత్రకళాశాలను నెలకొల్పారు. తాను దూరదేశం వెళ్లి నేర్చిన దానిని ఇక్కడి యువకులు ఇంటి దగ్గరే నేర్వాలన్నది సంకల్పం. దానికి కావలసినది కాలం. ఒక విద్యార్థి కన్ను ఛాయలను పట్టుకోవడానికే ఏళ్లు పడుతుంది. కొద్దికాలానికే మశూచి వచ్చింది.

గురువు పోయిన తరువాత బడి మూతపడలేదు. శిష్యుడు, మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బాధ్యతను భుజాన వేసుకున్నారు. రామారావు భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ కుంచె పట్టినవారే. వీరి శ్రమతో నిలిచిన చిత్రాలు తరువాత ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చి నగరంలోని దామెర్ల రామారావు స్మారక చిత్రశాలలో భద్రమయ్యాయి. నూరేళ్లు దాటిన నీటిరంగులకు ఎండ, తేమ రెండూ శత్రువులు. గోదావరి తీరాన తేమకు కొదవ లేదు. చిత్రశాలకు వెళ్లేవారు పెద్ద వర్ణచిత్రాల ముందే ఆగుతుంటారు. వాటితోపాటు అక్కడ ఆయన పెన్సిల్ చిత్తులు అనేకం ఉన్నాయి. మనుషులను ఎదుట పెట్టుకుని వేగంగా గీసిన ఆ గీతలలోనే బొంబాయిలో నేర్చిన చూపు కనిపిస్తుంది.